ఒకే గిన్నెలో నలుగు

మా చెల్లి ముఖం మీద మొటిమలు మొదలైన ఏడాదే నేను బిలాస్‌పూర్ పక్కనే ఉన్న కోని యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో చేరాను. ఆమెకు పదిహేడు, నాకు ఇరవై రెండు. ఈ రెండు సంగతులకూ ఏ సంబంధమూ లేదు. సంబంధం కలిపినవాణ్ణి నేను.

తాతయ్య శ్రీకాకుళం జిల్లా నుంచి రైలు పట్టాల పనికి బిలాస్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నాన్న వ్యాగన్ డిపోలో ఫిట్టరు. డిగ్రీ దాటి చదివినవాళ్లు మా ఇంట్లో అంతకు ముందు ఎవరూ లేరు. అందుకని నేను మొదటి సెమిస్టర్‌లో ఉండగానే ఇంట్లో ఒక అలవాటు మొదలైంది. పెరుగు తోడుకోకపోయినా, నీళ్ల ట్యాంకు వాసన వేసినా, పక్క క్వార్టర్‌లో ఎవరికైనా విరేచనాలు పట్టుకున్నా అమ్మ ‘మా బాబుని అడగండి’ అనేది. అడిగేవారు. నేను జవాబు చెప్పేవాణ్ణి. తెలియనప్పుడు కూడా చెప్పేవాణ్ణి, కాకపోతే అప్పుడు కొంచెం నెమ్మదిగా, ఆలోచిస్తున్నట్టు చెప్పేవాణ్ణి.

ఒకరోజు సాయంత్రం అమ్మ చెల్లి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

“ఏటే ఈ ముఖం? వేడి చేసిందేటి? మావిడికాయ తినొద్దంటే ఇనవు గదా!”

“వేడి కాదమ్మా, బ్యాక్టీరియా,” అన్నాను పుస్తకంలోంచి తలెత్తి.

“అదేటి?”

“మొటిమల్లో ఒక రకం బ్యాక్టీరియా ఉంటుంది. దానివల్ల వస్తాయి.”

అమ్మ చెయ్యి చెల్లి గడ్డం మీంచి కిందికి దిగింది. “అంటుకుంతాదేటిరా?”

నాకు తెలియదు. ఆ వారమే పాఠ్యపుస్తకంలో ఆ బ్యాక్టీరియా పేరు చదివాను. మొటిమలు రావడంలో దానికి పాత్ర ఉందన్న వాక్యం చదివి, కింద గీత గీసి, పేజీ తిప్పేశాను. తరువాతి పేరా చదవలేదు. అయినా, “జాగ్రత్తగా ఉండడం మంచిది,” అన్నాను.

నా చేతిలో పెన్ను ఉంటే ఏదైనా జాబితా అవుతుంది. ఆ రాత్రి భోజనానికి ముందే ఎనిమిది నియమాలు రాసి బాత్రూం తలుపు లోపలి వైపు అతికించాను. తువ్వాలు వేరు. దువ్వెన వేరు. సబ్బు వేరు. తలగడ గలీబు రోజూ మార్చి వేడినీళ్లలో నానబెట్టాలి. ముఖం రోజుకు ఐదుసార్లు, మందుల షాపులో దొరికే ఎర్ర సబ్బుతో, ఒక్కోసారి రెండు నిమిషాలు కడగాలి. అమ్మ పౌడరు డబ్బా ముట్టుకోకూడదు. మొటిమలు గిల్లకూడదు. ఈ ఏడోది ఒక్కటే నిజంగా పనికొచ్చే మాట. ఎనిమిదోది ఏమిటంటే, ముఖం తాకిన చేత్తో చిన్నపిల్లల్ని ఎత్తుకోకూడదు. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. కాగితం కింద ఖాళీ మిగిలితే రాశాను.

చెల్లి మొదట నవ్వింది. సబ్బు ఎంత అరిగిందో తెలియడానికి నేను దాని అంచు మీద బ్లేడుతో గీతలు పెట్టాను. అది చూసి, “సబ్బుకి కూడా అటెండెన్సా భయ్యా?” అంది. రెండో వారం కూడా నవ్వింది. మూడో వారానికి బుగ్గలు పొడిబారి పొట్టు లేవడం మొదలైంది. దవడ పొడవునా కొత్త మొటిమలు, ముందువాటికన్నా ఎర్రగా వచ్చాయి. ఒక విధానం పనిచేయకపోతే విధానాన్ని అనుమానించాలని తరగతిలో నేర్పారు. నేను చెల్లిని అనుమానించాను.

“ఐదుసార్లు కడుగుతున్నావా?”

“ఆరుసార్లు కడుగుతున్నా.”

“రెండేసి నిమిషాలా?”

“వంద లెక్కపెడుతున్నా భయ్యా, మంట పుడుతోంది.”

“మంట పుడుతోందంటే పనిచేస్తోందన్నమాట,” అన్నాను.

నా ముఖం మీద ఒక్క మొటిమ కూడా లేదు. అది నా శుభ్రత వల్లే అనుకునేవాణ్ణి.

మా కాలనీలో మాట ఒక క్వార్టర్ నుంచి ఇంకో క్వార్టర్‌కి చేరడానికి పెద్దగా సమయం పట్టదు. దొడ్డమ్మ, అంటే మా పెదనాన్న భార్య, రెండు లైన్ల అవతలే ఉంటుంది. ఒకరోజు ఆమె ఇంట్లో అందరికీ టీ ఇచ్చి చెల్లికి మాత్రం వేరే స్టీలు గ్లాసులో ఇచ్చింది. తాగాక ఆ గ్లాసు విడిగా, కుళాయి పక్కన పెట్టింది. నేను చూశాను. చెల్లి కూడా చూసింది. నా మాటని జనం సీరియస్‌గా తీసుకుంటున్నారని నాకు ఆ క్షణంలో సంతోషం వేసింది. ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. కానీ సంతోషం వేసిన మాట నిజం.

ఆ వేసవిలో దొడ్డమ్మ కూతురి పెళ్లి కుదిరింది. మా ఇద్దరికీ ఆమె అక్క. చెల్లిని చిన్నప్పటినుంచీ చంకనేసుకుని తిప్పింది. మా ఇళ్లలో పెళ్లికి ముందు అమ్మాయిని పెళ్లికూతుర్ని చేసేటప్పుడు పక్కనే ఇంకో పీట వేసి ఒక పెళ్లికాని ఆడపిల్లని కూర్చోబెడతారు. తోడిపెళ్లికూతురు అంటారు. ముత్తైదువలు వచ్చి శనగపిండి, పసుపు, నువ్వులనూనె కలిపిన నలుగు ఇద్దరికీ పెడతారు. ఆ పీట మీద చెల్లే కూర్చోవాలని అక్క ఎప్పుడో చెప్పేసింది. అమ్మ ఆవపువ్వు రంగు లంగా, ఆకుపచ్చ ఓణీ కుట్టించింది. చెల్లి పరీక్షల మధ్యలో కూడా ఆ ఓణీ తీసి భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకునేది. నాకు కనిపిస్తే మడిచేసేది.

నలుగుకి ఎనిమిది రోజుల ముందు దొడ్డమ్మ మా ఇంటికి వచ్చింది. అమ్మ, నేను ముందు గదిలో ఉన్నాం. చెల్లి వంటగదిలో టీ పెడుతోంది. దొడ్డమ్మ కుర్చీ నా వైపు జరుపుకుంది.

“బాబూ, నిన్నొకటి అడగాలని వచ్చేను. నలుగు ఒకే గిన్నిలో కలుపుతాం గదా. ఆ చేత్తోనే మీ చెల్లికి రాసి, మళ్లీ మా పిల్లకి రాత్తాం. పెళ్లి నాలుగు రోజులుందనగా పిల్ల ముఖం మీద ఏటైనా లేచిందనుకో, మొగపెళ్లివాళ్ల ముందు తలెత్తుకోగలమా? ఏటవదు గదా?”

ఇది నా చదువుకి వచ్చిన మొదటి నిజమైన ప్రశ్న. ‘నాకు తెలియదు దొడ్డమ్మా, మా మేడమ్‌ని అడిగి చెప్తాను’ అనడానికి అర నిమిషం పట్టదు.

“అవకపోవచ్చు,” అన్నాను. “కానీ రిస్కెందుకు? గిన్నెలు రెండు పెట్టండి.”

“రెండు గిన్నెలా? నలుక్కా?” దొడ్డమ్మ బుగ్గ మీద వేలు పెట్టుకుంది. “శుభమా అని కూచోబెట్టి ఏరు కుంపటి పెట్టినట్టు రెండు గిన్నెలేట్రా! అలగెక్కడైనా ఉందేటి?”

అమ్మ తల దించుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంది. దొడ్డమ్మే మళ్లీ, “పోనీలే, ఎదురింటివాళ్ల చిన్నది ఉంది గదా, దాన్ని కూచోబెడదాం. మీ చెల్లేటి, బయటిదా? పనులు చూసుకుంతాది,” అంది.

వంటగదిలో గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు వినిపించింది. చెల్లి మూడు టీలు తెచ్చింది. ఎవరి ముఖమూ చూడకుండా ఇచ్చి వెళ్లిపోయింది. లంగా ఓణీ ఆ రోజే ట్రంకులోకి వెళ్లింది.

మా తరగతిలో ఆ నెల ప్రాక్టికల్స్ చర్మం మీది బ్యాక్టీరియా గురించే. దొడ్డమ్మ రావడానికి రెండు రోజుల ముందు, మంగళవారం, రెండు దూదిపుల్లలతో నమూనాలు తీసుకెళ్లాను. ఒకటి చెల్లి గడ్డం మీంచి, రెండోది నా ముక్కు పక్క నుంచి. నాది పోల్చి చూడడానికి మాత్రమే. ల్యాబ్‌లో వాటిని బ్యాక్టీరియా పెంచే రెండు ప్లేట్ల మీద రాశాను. రికార్డు పుస్తకంలో ‘రెండవ ప్లేటులో పెరుగుదల ఉండదని అంచనా’ అని రాశాను. ఈ బ్యాక్టీరియాకి గాలి పనికిరాదు, పెరగడమూ నెమ్మదే. గాలి తీసేసిన డబ్బాలో ప్లేట్లు పెట్టి వారం ఆగాలి.

తరువాతి మంగళవారం మధ్యాహ్నం డబ్బా తెరిచాను. రెండు ప్లేట్ల మీదా చిన్న చిన్న తెల్లటి చుక్కలు ఉన్నాయి. నా ప్లేటు మీదే ఎక్కువ ఉన్నాయి. ప్లేట్లు తారుమారయ్యాయేమో అని అడుగున రాసిన అక్షరాలు మూడుసార్లు చూశాను. రంగువేసి మైక్రోస్కోపులో చూస్తే రెండింట్లోనూ అవే ఊదారంగు కడ్డీలు, ఒకటే ఆకారం.

మా మేడమ్ వచ్చి చూశారు. ఆవిడ హిందీలో చెప్పింది తెలుగులో ఇలా ఉంటుంది: “ఇందులో వింతేముంది? ఇది నీ ముఖం మీదుంది, నా ముఖం మీదుంది, గేటు దగ్గర వాచ్‌మన్ ముఖం మీదా ఉంది. పెద్దవాళ్లయిన ప్రతి మనిషి చర్మంలోనూ దీనికి క్వార్టర్ ఎలాట్ అయి ఉంటుంది. పుస్తకంలో తరువాతి పేరా చదవలేదా?”

చదివాను, అప్పుడు. యవ్వనంలో హార్మోన్ల వల్ల చర్మం కింద నూనె ఎక్కువ ఊరుతుంది. రాలిపోవాల్సిన చర్మకణాలు ఆ నూనెతో కలిసి రంధ్రానికి బిరడాలా పడతాయి. లోపల గాలి ఉండదు, నూనె ఉంటుంది. ఎప్పటినుంచో అక్కడున్న బ్యాక్టీరియా దాన్ని తిని పెరుగుతుంది. శరీరం దాని మీద తిరగబడితే ఎర్రబడి వాస్తుంది. ఎవరి శరీరం ఎంత తిరగబడుతుందన్నది మనిషిని బట్టి ఉంటుంది. ఈ బ్యాక్టీరియాలోనే కొన్ని రకాలు ఎక్కువ చికాకు పెడతాయంటారు. అది ఇంకా తేలాల్సిన సంగతి. తేలిపోయినవి మాత్రం రెండు. తువ్వాలు వల్లో, దువ్వెన వల్లో, చెయ్యి తగిలితేనో మొటిమలు ఒకరి నుంచి ఒకరికి అంటుకోవు. పైనుంచి ఎంత తోమినా రంధ్రం లోపలికి చేరదు, చర్మం మాత్రం దెబ్బతింటుంది.

“ఎవరికైనా అంటుకుంటుందని చెప్పావా ఏమిటి, అలా నిలబడిపోయావు?” అని మేడమ్ నవ్వుతూ అడిగారు.

“లేదు మేడమ్,” అన్నాను.

నలుగు శుక్రవారం. అంటే నాకు మూడు సాయంత్రాలు ఉన్నాయి. ఆ మూడింటిలో నేనేం చేశానో వరుసగా గుర్తుంది. మంగళవారం ఇంటికి వచ్చి, తలనొప్పి అని చెప్పి పడుకున్నాను. చెల్లి అమృతాంజనం తెచ్చింది. సీసా నా చేతికివ్వకుండా మంచం పక్కన పెట్టింది. నా ఎనిమిది నియమాల ప్రకారం అదే సరైన పద్ధతి. బుధవారం, ఒకే ఒక్క ఫలితం చూసి చెప్పడం శాస్త్రీయం కాదని నిర్ణయించుకుని ప్రయోగం మళ్లీ మొదలుపెట్టాను. దాని ఫలితానికి ఇంకో వారం పడుతుందని, ఈలోగా పెళ్లి అయిపోతుందని నాకు బాగా తెలుసు. గురువారం దొడ్డమ్మ ఇంట్లో మామిడాకులు కడుతూ ఆమె పక్కనే నిచ్చెన మీద నిలబడ్డాను. గంటసేపు. “ఆ మూల కాస్త పైకి కట్టు బాబూ,” అంటే కట్టాను.

భయం దేనికంటే, ‘నేను తప్పు చెప్పాను’ అంటే ఆ తరువాత ఎవరూ నన్ను ఏమీ అడగరని. అంతే. చెల్లి పీట ఒకవైపు, ఇది ఒకవైపు పెట్టి మూడు రోజులు తూచాను.

శుక్రవారం పొద్దున్న దొడ్డమ్మ పెరట్లో షామియానా కింద రెండు పీటలు వేశారు. ఎదురింటి పాప కొత్త పరికిణీలో, కాలివేళ్లు ఆడించుకుంటూ రెండో పీట మీద కూర్చుంది. నాకు ఫోన్లో వీడియో తీసే పని. అక్క పీట మీద కూర్చుంటూ చుట్టూ చూసింది.

“అది ఏదీ?” అంది.

“పని మీదుందిలే, వత్తాది,” అంది దొడ్డమ్మ.

పెద్ద ఇత్తడి గిన్నెలో పచ్చగా నలుగు. ముత్తైదువలు ఒక్కొక్కరే వచ్చి అందులో చేతులు ముంచి అక్క పాదాలకీ, చేతులకీ, బుగ్గలకీ రాస్తున్నారు. పాప బుగ్గకి రాస్తున్నారు. ఒకరి బుగ్గకి ఒకరు రాసుకుని నవ్వుకుంటున్నారు. మళ్లీ గిన్నెలో ముంచుతున్నారు. నేను ఫోన్ తెర మీద ఆ గిన్నెనే చూస్తూ లెక్కపెట్టాను. పదకొండు మంది. పదకొండు ముఖాల మీదా, ఇరవై రెండు చేతుల మీదా ఏముందో ఆ పెరట్లో నా ఒక్కడికే తెలుసు. ఆ గిన్నెలో చెయ్యి పడనిది ఆ ఇంటి పిల్ల, మా చెల్లి ఒక్కదానిదే.

ఫోను దించి దొడ్డమ్మ దగ్గరకు వెళ్లాను.

“దొడ్డమ్మా, చెల్లిని కూడా కూర్చోబెట్టొచ్చు. ఏమీ కాదు. నేను ముందు చెప్పింది తప్పు.”

మాట మధ్యలో గొంతు తగ్గిపోయింది. ఆమె నలుగు చేతులతోనే నా వైపు తిరిగింది.

“ఏటి?”

“అంటుకోదు. అందరికీ ఉంటుంది. నాకూ ఉంది.”

“మొన్న నువ్వే గదరా రిస్కన్నావు! ఇయ్యాల లేదంటన్నావు, రేపు మళ్లీ ఉందంటావేటి?” పక్కన ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా సగం నవ్వింది, కానీ గొంతు తగ్గించి, “పీట మీద కూచున్న పిల్లని మధ్యలో లేపుతారేట్రా? అది బొట్టెట్టి కూచోబెట్టిన పిల్ల. ఏం సదువో నీది! వెళ్లు, ఈడియో తియ్యి,” అంది.

నాకు అది తోచలేదు. పీట మీద ఒకసారి కూర్చోబెట్టాక లేపరు. నిన్న సాయంత్రం నిచ్చెన మీద ఉన్నప్పుడు చెప్పి ఉంటే ఏ పీట మీదా ఎవరూ లేరు.

చెల్లి వెనక వరండాలో ఉంది. పాత చుడీదార్ వేసుకుని, తాంబూలాల కోసం తమలపాకులు తుడిచి రెండేసి పేరుస్తోంది. చున్నీ బుగ్గల మీదుగా చుట్టుకుంది, మే నెల ఎండలో. నేను గుమ్మంలో నిలబడి చెప్పాను. మొటిమలు అంటుకోవని, కడగడం వల్లే ఎక్కువయ్యాయని, నా ప్లేటు మీదే ఎక్కువ ఉన్నాయని. జాగ్రత్తగా, వరుస తప్పకుండా చెప్పాను.

ఆమె ఆకులు తుడుస్తూనే వింది.

“అంటుకోదని నాకు తెలుసు భయ్యా. ఎప్పుడో ఫోన్లో చూశా. అమ్మకి చూపించా కూడా. అమ్మేమందో తెలుసా? ‘నీ ఫోను ఎక్కువేటే, వాడి సదువు ఎక్కువేటి?’ అంది.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు నమ్మవు కదా. నీ కాలేజీలో నీకే తెలుస్తుంది, అప్పుడు నువ్వే అందరికీ చెప్తావనుకున్నా.” ఆమె ఒక ఆకు ఈనె గిల్లింది. “నీకెప్పుడు తెలిసింది?”

నా రికార్డు పుస్తకంలో తేదీ ఉంది, సమయం ఉంది. మంగళవారం, మధ్యాహ్నం రెండున్నర.

“ఈరోజే,” అన్నాను. “పొద్దున్న.”

ఆమె తలెత్తి నన్ను చూసింది. ఎన్ని వారాల తరువాతో మొదటిసారి నేరుగా చూసింది.

“అచ్ఛా,” అంది. “ఐతే నీ తప్పేం లేదులే భయ్యా. తెలిసిన వెంటనే చెప్పావు కదా.”

అని, పక్కకి జరిగి నాకు చోటిచ్చింది. నేను కూర్చుని ఆకులు తుడిచాను.

పెళ్లయిన నెలకి చెల్లిని చర్మవైద్యురాలి దగ్గరకు తీసుకెళ్లాను. ఎర్ర సబ్బు మానేయమన్నారు. రోజుకు రెండుసార్లు మామూలుగా కడిగితే చాలన్నారు. ఒక క్రీము రాసిచ్చి, మూడు నెలలు ఓపిక పట్టమన్నారు. ఆ చీటీ నా చేతికిస్తూ, “ఇలా తోలు ఊడేదాకా తోమమని నీకెవరు చెప్పారమ్మా?” అని అడిగారు.

“ఎవరూ చెప్పలేదు మేడమ్, నేనే,” అంది చెల్లి. నేను పక్క కుర్చీలో ఉన్నాను. చేతిలో ఆమె చీటీ పట్టుకుని, అందులో రాసింది చదువుతున్నట్టు కూర్చున్నాను.

ముఖం చాలావరకు నయమైంది. దవడ దగ్గర రెండు గుంటలు మిగిలాయి, వెలుతురు పక్క నుంచి పడితే కనిపిస్తాయి. ఇప్పుడు ఆమె రాయపూర్‌లో నర్సింగ్ చదువుతోంది. అక్కడ స్నేహితురాలికెవరికో మొటిమలు వస్తే నాకు ఫోన్ చేసి, “భయ్యా, ఒకసారి దీనికి నువ్వు చెప్పు, నువ్వు చెప్తే నమ్ముతుంది,” అంటుంది. మా ఇంట్లో నన్ను అడగడం ఎవరూ మానలేదు. దొడ్డమ్మ కూడా మానలేదు. నేను మూడు రోజులు దేనికోసం నోరు మూసుకున్నానో అది పోయేదే కాదు.

ఇదంతా తెలుగులో రాశాను. మా చెల్లి ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది కానీ అక్షరాలు రావు. తాతయ్య వేసవి సెలవుల్లో పలక మీద నాకే దిద్దించారు, ఆడపిల్లకి హిందీ చాలన్నారు. కాబట్టి ఇది అచ్చయినా ఆమెకు చదవడం రాదు. ఏ భాషలో రాయాలని ఆలోచించినప్పుడు ఆ సంగతి నాకు గుర్తులేదని చెప్పలేను. శనివారం లోకల్ రైల్లో ఇంటికి వస్తుంది. కాగితాలు చూస్తే, “ఏం రాశావు, చదువు భయ్యా,” అంటుంది. చదవాలి. మంగళవారం అన్న చోటికి వచ్చినప్పుడు, ఆ మాట ఉన్నది ఉన్నట్టు పైకి చదువుతానో, దాటేస్తానో నాకు తెలియదు.